గృహస్థుని తొట్టి నుంచి ఆరోగ్య విడిది దాకా: ప్రకృతి చికిత్స చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నగరాల శివార్లలో, నదీతీరాల్లో, కొండవాలుల్లో వెలసిన ఆరోగ్య విడిదుల్లో వారం పదిరోజులు గడిపి రావడం నేడు స్తోమత ఉన్న కుటుంబాలకు కొత్త విషయం కాదు. అటువంటి విడిది దినచర్యను గమనిస్తే ఉదయం ఆసనాలు, ప్రాణాయామం, పొట్టపై మట్టిపట్టీ, తొట్టిస్నానం, నూనెమర్దన, ఆవిరిస్నానం, పండ్లరసాలతో ఉపవాసం, సాయంకాలం ధ్యానం వరసగా కనిపిస్తాయి. వీటన్నిటినీ కలిపి సనాతన భారతీయ వైద్యంగా పరిచయం చేయడం పరిపాటి అయింది. చరిత్ర మాత్రం అంత సూటిగా లేదు. ఆసనాలు యోగసంప్రదాయానికి, నూనెమర్దన ఆయుర్వేదానికి చెందినవి. మట్టిపట్టీ, తొట్టిస్నానం ఇప్పుడు అమలులో ఉన్న రూపంలో పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ భాషాప్రాంతాల నుంచి వచ్చినవి. అవి ఈ దేశంలో అడుగుపెట్టినది వైద్యాలయాల ద్వారా కాదు, పుస్తకాల ద్వారా. ఆ పుస్తకాల వరసలో మొదట చెప్పుకొనేది ఒక తెలుగు అనువాదం.

గృహస్థుడు తన ఇంట్లో, తన చేతులతో, ఎవరికీ రుసుము చెల్లించకుండా చేసుకోదగిన పద్ధతిగా తెలుగులోకి వచ్చిన ప్రకృతి చికిత్స ఆశ్రమంగా, ఆసుపత్రిగా, చివరకు ఆరోగ్య విడిదిగా మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ క్రమంలో చికిత్సావస్తువులు పెద్దగా మారలేదు. అవే నీళ్లు, అదే మట్టి. మారినది చికిత్స జరిగే చోటు, చేసే చేయి, చేయించుకొనే వర్గం. ఆ మార్పులో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న.

జర్మన్ ప్రాంతాల్లో జలచికిత్స

ఆధునిక జలచికిత్సకు మూలపురుషుడుగా పేరుపొందిన విన్సెంట్ ప్రీస్నిట్జ్ (1799-1851) సిలీషియా కొండప్రాంతంలోని గ్రేఫెన్‌బర్గ్ గ్రామానికి చెందిన రైతు. ఆయనకు వైద్యవిద్య లేదు. బండి ప్రమాదంలో పక్కటెముకలు విరిగినప్పుడు తడిగుడ్డల పట్టీలతో తానే నయం చేసుకొన్నాడని ప్రసిద్ధి. చన్నీటి స్నానాలు, తడిదుప్పటి చుట్టడం, ఆరుబయట శరీరశ్రమ, ముతక ఆహారం ఆయన చికిత్సలో ముఖ్యాంశాలు. రైతు ఇంటిలో మొదలైన ఆ పద్ధతి కోసం కొద్దికాలంలోనే ప్రభువులు, సైన్యాధికారులు గ్రేఫెన్‌బర్గ్‌కు తరలివచ్చారు. 1842లో ఇద్దరు వైద్యులు, జేమ్స్ విల్సన్, జేమ్స్ గల్లీ, ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణంలో జలచికిత్స ఆరంభించారు. 1849లో చార్లెస్ డార్విన్ అక్కడికి వెళ్లి గల్లీ వద్ద చికిత్స పొందాడు. ఆ తరువాత మాల్వెర్న్ సంపన్నుల విడిదిగా పేరు తెచ్చుకొంది. సామాన్యుని చేతిలో పుట్టిన చికిత్స సంపన్నుల విడిదిగా మారడం అప్పటికే ఒకసారి జరిగిందన్న విషయం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగినది.

బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ (1821-1897) అనే క్రైస్తవ మతగురువు నీటిచికిత్సకు మూలికలను, మితాహారాన్ని జోడించాడు. 1886లో వెలువడిన ఆయన జలచికిత్సా గ్రంథం విశేషంగా ప్రచారమైంది. భారతదేశంపై, ముఖ్యంగా తెలుగువారిపై, ఎక్కువ ప్రభావం చూపినది వీరిద్దరూ కాదు. లైప్జిగ్ నగరంలో 1883లో చికిత్సాలయం తెరచిన లూయీ కూనే (1835-1901). ఆయన కూడా వైద్య పట్టభద్రుడు కాడు. సొంత అనారోగ్యం, వైద్యులపై పోయిన నమ్మకం ఆయనను ఈ మార్గంలోకి తెచ్చాయి.

కూనే సిద్ధాంతం ఒక్క వాక్యంలో చెప్పదగినంత చిన్నది. రోగాలు అనేకం కావు, రోగం ఒక్కటే. అతిగా, అసహజంగా తిన్న ఆహారం పూర్తిగా విసర్జితం కాక శరీరంలో విజాతీయ పదార్థంగా నిలుస్తుంది. అది పొత్తికడుపులో పేరుకొని, పులిసి, తలవైపు, కాళ్లుచేతులవైపు వ్యాపిస్తుంది. జ్వరం, కీళ్లనొప్పి, చర్మవ్యాధి వంటి పేర్లన్నీ ఆ ఒక్క స్థితికి వేర్వేరు రూపాలు. కారణం ఒక్కటే కనుక చికిత్సా ఒక్కటే: ఆ మాలిన్యాన్ని బయటికి పంపడం. అందుకు ఆయన చెప్పిన సాధనాలు ఆవిరిస్నానం, కటిస్నానం, ఘర్షణ స్నానం, ఎండ, మాంసమూ మసాలాలూ లేని సాదా ఆహారం. రోగనిర్ణయానికి నాడి పట్టనక్కరలేదనీ, ముఖం, మెడ ఆకారాలను చూస్తే మాలిన్యం ఏ దిక్కున చేరిందో తెలుస్తుందనీ ఆయన వాదించాడు.

1894: తెలుగు అనువాదం

ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ కూనే రచన ‘ది న్యూ సైన్స్ ఆఫ్ హీలింగ్’ను 1894లో తెలుగులోకి అనువదించాడు. భారతదేశంలో ఆధునిక ప్రకృతి చికిత్సోద్యమానికి ఆరంభంగా ఈ అనువాదాన్నే పేర్కొనడం ఆయుష్ శాఖ చారిత్రక కథనాల్లో సైతం స్థిరపడింది. బిజ్నోర్‌కు చెందిన శ్రోత్రియ కిషన్ స్వరూప్ హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో వచ్చాయి. అంటే ఉత్తర భారత పాఠకుల కంటే పదేళ్లు ముందే తెలుగు పాఠకుని చేతికి ఈ పద్ధతి అందింది.

ఈ అనువాదం ప్రాముఖ్యాన్ని గ్రహించాలంటే కటిస్నానం ఎలా చేస్తారో చూడాలి. వెడల్పాటి తొట్టిలో బొడ్డు వరకు వచ్చేటట్లు చల్లని నీరు పోసి, కాళ్లు నీటికి వెలుపల ఉండేటట్లు కూర్చొని, ముతకగుడ్డతో పొత్తికడుపును అటూ ఇటూ రుద్దుకోవాలి. తరువాత ఒళ్లు వెచ్చబడేవరకు నడవాలి లేదా దుప్పటి కప్పుకోవాలి. ఆవిరిస్నానానికి నవారు మంచం లేదా పేము కుర్చీ, కింద మరుగుతున్న నీళ్లకుండలు, పైన కప్పిన కంబళి చాలు. వీటిలో ఏ వస్తువూ తెలుగు ఇంటికి కొత్తది కాదు. అనువాదకునికి కావలసినది కొత్త పరికరం కాదు, ఉన్న పరికరానికి కొత్త ప్రయోజనం చెప్పగల మాట.

ఆ మాటలు కూడా చాలావరకు సిద్ధంగా ఉన్నాయి. చరకసంహిత సూత్రస్థానం ఆరు ఉపక్రమాలను చెప్పినప్పుడు మొదటిది లంఘనం. లంఘనంలో ఉపవాసంతోపాటు గాలి, ఎండ, వ్యాయామం కూడా చేరతాయి. స్వేదనం మరొక ఉపక్రమం. శాస్త్రం తెలియని ఇళ్లలో సైతం ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత, జ్వరం వస్తే పథ్యం, నొప్పికి కాపడం నిత్యవ్యవహారంలో ఉన్నవే. కనుక ఉపవాసం, చెమట, ఎండ అనే భావాలు తెలుగు పాఠకునికి పరాయివిగా తోచలేదు. ఈ పరిచయమే తరువాతి కాలంలో ప్రకృతి చికిత్స ప్రాచీన భారతీయ విద్యేనన్న భావానికి దారితీసింది.

అయితే సామ్యం సాధనాల్లోనే ఉంది, సిద్ధాంతంలో లేదు. ఆయుర్వేదం వాత, పిత్త, కఫాల వైషమ్యాన్ని బట్టి, రోగి బలాన్ని, దేశకాలాలను బట్టి చికిత్స మారాలంటుంది. లంఘనం అందరికీ తగినది కాదని, కృశించినవారికి బృంహణమే తగునని చెబుతుంది. కూనే మతంలో ఈ వివేచనకు చోటు లేదు. రోగం ఒక్కటే కనుక మార్గమూ ఒక్కటే. ఔషధం పేరుతో బయటినుంచి ఏదీ లోపలికి పంపరాదన్న నిషేధం కూడా ఆయుర్వేదానికి అంగీకృతం కాదు. ఈ భేదాన్ని పక్కనపెట్టి, పైకి కనిపించే సామ్యాన్ని పట్టుకొని రెంటినీ ఒకటిగా చెప్పడం చారిత్రకంగా నిలవదు.

అయినా ఆ అనువాదంలో ఒక సామాజిక విలువ ఉంది. ఆసుపత్రులు జిల్లా కేంద్రాలకే పరిమితమైన కాలంలో, చేతనైనంతవరకు తన శరీరాన్ని తానే చూసుకోవచ్చునని పాఠకునికి ఆ పుస్తకం చెప్పింది. సరిగా తినడం, తక్కువ తినడం, నడవడం, ఎండలో ఉండడం, శుభ్రత వంటివి ఏ సిద్ధాంతంతోనూ నిమిత్తం లేకుండా మేలుచేసే అలవాట్లు. సిద్ధాంతం తప్పయినా దినచర్య ఒప్పు కావచ్చు. ప్రకృతి చికిత్స చరిత్ర పొడుగునా ఈ రెండింటి మధ్య పెనుగులాట కనిపిస్తుంది.

గాంధీ ప్రయోగాలు, సందేహాలు

ఈ పద్ధతిని దేశవ్యాప్తం చేసినవాడు గాంధీ. కూనే రచనతోపాటు, 1896లో హార్జ్ పర్వతప్రాంతంలో యుంగ్‌బోర్న్ చికిత్సాలయం స్థాపించిన అడోల్ఫ్ జుస్ట్ (1859-1936) రాసిన ‘రిటర్న్ టు నేచర్’ దక్షిణాఫ్రికాలో ఆయనను ఆకర్షించింది. శుభ్రమైన మట్టిని చన్నీటితో తడిపి, పలుచని గుడ్డలో పరచి, పొత్తికడుపుపై కట్టుకొనే పట్టీతో తన మలబద్ధం తగ్గిందని ఆయన ఆత్మకథలో రాశాడు. నేటి విడిదుల్లోని మట్టిపట్టీకి దగ్గరి మూలం ఇదే.

ఆత్మకథలోని మరొక సంఘటన ఎక్కువ బోధప్రదమైనది. బొంబాయిలో ఉన్నప్పుడు పదేళ్ల కుమారుడు మణిలాల్‌కు టైఫాయిడ్, దానితోపాటు న్యుమోనియా లక్షణాలు వచ్చాయి. వైద్యుడు కోడిగుడ్లు, మాంసరసం ఇవ్వాలన్నాడు. గాంధీ అందుకు సమ్మతించక కూనే స్నానాలు చేయించాడు, నారింజరసం నీళ్లతో కలిపి ఇచ్చాడు, జ్వరం దిగకపోతే తడిదుప్పటి చుట్టాడు. బాలుడు కోలుకొన్నాడు. అది తన చికిత్స విజయమని గాంధీ ప్రకటించలేదు. దైవానుగ్రహమో, నీటిచికిత్సో, ఆహారనియమమో, శుశ్రూషో ఎవరు చెప్పగలరన్న భావాన్నే వ్యక్తం చేశాడు. జుస్ట్ పుస్తకంలోని ప్రతిమాటనూ వేదవాక్యంగా తీసుకోరాదని కూడా పాఠకులను హెచ్చరించాడు. 1924 జనవరిలో ఎరవాడ జైలులో అపెండిసైటిస్ వచ్చినప్పుడు పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ చేత శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. ప్రకృతి చికిత్సపై ఆయన విశ్వాసం గాఢమైనదే గాని, ఆ విశ్వాసం పక్కనే సందేహానికి కూడా ఆయన చోటు ఉంచాడు.

1913లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో గుజరాతీలో వెలువడిన ఆరోగ్య వ్యాసాలు, 1942లో ఆగాఖాన్ సౌధంలో నిర్బంధంలో ఉండగా రాసిన ‘ఆరోగ్యానికి కీలకం’ ఈ ఆలోచనలకు గ్రంథరూపం. రెండింటిలోనూ సంబోధితుడు రోగి కాదు, గృహస్థుడు. గాలి, నీరు, ఆహారం, బ్రహ్మచర్యం, మట్టి, ఎండ గురించి చెప్పినదంతా ఇంట్లో ఆచరించవలసినదే. వెంకటాచలపతి శర్మ అనువాదం ఏ పాఠకుని ఉద్దేశించిందో గాంధీ రచనలు కూడా ఆ పాఠకునినే ఉద్దేశించాయి.

పూనా, ఉరుళీకాంచన్: ఒక మలుపు

పూనాలో డాక్టర్ దీన్‌షా మెహతా నడిపిన ప్రకృతి చికిత్సాలయంలో గాంధీ పలుమార్లు బస చేశాడు. 1945 నవంబరు 18న ఆ సంస్థకు సంబంధించిన అఖిలభారత ప్రకృతి చికిత్సా ట్రస్టు దస్తావేజుపై సంతకం చేశాడు. ఆ తేదీనే 2018 నుంచి జాతీయ ప్రకృతి చికిత్సా దినంగా పాటిస్తున్నారు. ఆ భవనంలోనే నేడు జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ పనిచేస్తోంది.

సంతకం చేసిన కొద్ది నెలలకే గాంధీ ఆలోచన మారింది. నగరంలోని చికిత్సాలయానికి పేదలు రాలేరు, వచ్చినా అక్కడి పద్ధతులను తమ ఊరిలో కొనసాగించలేరు. పేదల కోసం చేయదలచిన పని పల్లెలోనే చేయాలన్న నిర్ణయంతో 1946 మార్చిలో పూనాకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఉరుళీకాంచన్ గ్రామానికి వెళ్లాడు. అక్కడ వారంరోజులకు పైగా ఉండి స్వయంగా రోగులను చూశాడు. ఆ తరువాత నిసర్గోపచార ఆశ్రమాన్ని మణిభాయి దేశాయి ఏళ్లతరబడి నిర్వహించాడు. పాలపశువుల అభివృద్ధి, సాగునీరు, విద్య కూడా ఆయన పరిధిలోకి రావడం గమనార్హం. పల్లెటూరి ఆరోగ్యం తొట్టిలోని నీటితో ముగియదని, బావి నీరు, మరుగుదొడ్డి, పాడి, పంట కూడా అందులో భాగమేనని ఆ ఆచరణ చూపింది.

అయితే అదే ఏడాది గాంధీ మరొక మాట కూడా అన్నాడు. తన ప్రకృతి చికిత్స పల్లెల కోసమే కనుక అందులో సూక్ష్మదర్శినికి, ఎక్స్‌రేకు, క్వినైన్, పెన్సిలిన్ వంటి మందులకు చోటు లేదన్నాడు. పేదవానికి అందుబాటులో లేనిది తన చికిత్సలో ఉండరాదన్న సూత్రం ఉదాత్తమైనది. కాని మలేరియా పల్లెలను పీడిస్తున్న కాలంలో క్వినైన్‌ను దూరంగా ఉంచడం వల్ల నష్టపోయేది ఆ పేదవాడే. పేదలకు ఆ మందు అందడం లేదన్నదానికి సమాధానం మందును అందించడం, మందు అక్కరలేదని చెప్పడం కాదు. ప్రకృతి చికిత్సలోని ఉత్తమగుణమూ దోషమూ ఒకే వాక్యంలో ఇమిడి ఉన్న సందర్భం ఇది.

ఆశ్రమం, ఆసుపత్రి, కళాశాల

తెలుగునాట ఈ మార్గంలో వేగిరాజు కృష్ణంరాజు, బి. వెంకటరావు, ఆయన సహధర్మచారిణి బి. విజయలక్ష్మి పేర్లు ముందు చెప్పుకోవలసినవి. కృష్ణంరాజు భీమవరం ప్రకృతి ఆశ్రమంతో, వెంకటరావు దంపతులు హైదరాబాదు ప్రకృతి చికిత్సాలయంతో ఈ విద్యకు స్థిరమైన చోటు కల్పించారు. గాంధీ పేరుతో హైదరాబాదులో నెలకొన్న ప్రకృతి వైద్య కళాశాల దేశంలో ఈ విద్యకు ఏర్పడిన తొలితరం కళాశాలల్లో ఒకటి. నేడు ఈ విద్య ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల పట్టభద్ర పాఠ్యక్రమం. శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, వ్యాధినిదానం అందులో భాగాలు.

ఈ మార్పు వల్ల రెండు ఫలితాలు కలిగాయి. వైద్యవిద్య లేని రైతుతో, మతగురువుతో మొదలైన పద్ధతికి శిక్షణ పొందిన వైద్యుడు లభించాడు. రక్తపోటు కొలిచి, గుండెజబ్బు ఉన్నవానికి ఆవిరిస్నానం వద్దని చెప్పగల స్థితి వచ్చింది. ఇది నిస్సందేహంగా మేలు. మరోవైపు, ఇంట్లో తనకు తాను చేసుకొనేది మరొకరు చేసిపెట్టే సేవ అయింది. ఆశ్రమాల్లో ఈ మార్పు పూర్తికాలేదు. రోగి అక్కడ కొన్నివారాలుండి, వండుకొనే తీరు, తినే వేళ, స్నానవిధానం నేర్చుకొని ఇంటికి వెళ్లి ఆచరించడమే ఆశ్రమం ఉద్దేశం. అంటే ఆశ్రమం పాఠశాల వంటిది. గృహస్థుడు కొంతకాలం ఇల్లు విడిచినా, చికిత్స తిరిగి ఇంటికే చేరాలి. కృష్ణాతీరాన విజయవాడ సమీపంలో మంతెన సత్యనారాయణ రాజు నెలకొల్పిన ఆరోగ్యాలయం కూడా ఆశ్రమరూపంలోనిదే. ఆయన పుస్తకాలు, టెలివిజన్ ప్రసంగాలు మాత్రం వంటింటినే సంబోధిస్తాయి. ప్రకృతి చికిత్స తెలుగులో గృహస్థుని కోసమే ప్రవేశించిందన్న జ్ఞాపకం ఆ వంటింటి సంబోధనలో ఇంకా మిగిలి ఉంది.

ఆరోగ్య విడిది

‘వెల్‌నెస్’ అన్న భావానికి ఆధునిక ప్రచారం అమెరికన్ వైద్యుడు హాల్బర్ట్ డన్ 1961లో ప్రచురించిన ఉపన్యాస సంపుటితో మొదలైందంటారు. రోగం లేకపోవడమే ఆరోగ్యం కాదు, ఇంకా మెరుగైన స్థితి ఒకటి ఉంది అన్నది ఆయన ప్రతిపాదన. ఈ భావానికి వ్యాపారరూపం వచ్చినప్పుడు రోగి స్థానంలో అతిథి ప్రవేశించాడు. 2000లో ఋషీకేశ్ సమీపాన నరేంద్రనగర్ రాజసౌధ ప్రాంగణంలో ప్రారంభమైన ‘ఆనంద’ వంటి విలాస విడిదులు యోగం, ఆయుర్వేదం, పాశ్చాత్య స్పా పద్ధతులను ఒకే కప్పు కిందికి తెచ్చాయి. ఆ తరువాత ఈ నమూనా దేశమంతటా వ్యాపించింది.

ఈ విడిదులను తేలికగా కొట్టివేయనక్కరలేదు. నిద్ర, నడక, మితాహారం, ఫోనుకు దూరంగా గడిపే సమయం మనస్సుకు, శరీరానికి హితం చేస్తాయి. గోరువెచ్చని నీటిలో గడపడం కీళ్లనొప్పులున్నవారికి ఉపశమనమిస్తుంది. యోగాభ్యాసం దీర్ఘకాలపు నడుమునొప్పిని కొంత తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మర్దన అలసట తీరుస్తుంది. ఇంతవరకు చెప్పి ఆగితే పేచీ లేదు.

పేచీ ‘డిటాక్స్’ అన్న మాట దగ్గర వస్తుంది. శరీరంలో పేరుకొన్న విషాలను ఉపవాసంతో, చెమటతో, ఎనిమాతో వెళ్లగొడతామన్న ఈ వాగ్దానం కూనే విజాతీయ పదార్థ సిద్ధాంతానికి కొత్తపేరు. ఆ విషం ఏదో, ఎంత ఉందో, చికిత్స తరువాత ఎంత తగ్గిందో కొలిచి చూపినవారు అరుదు. శరీరంలోని వ్యర్థాలను వడగట్టే పని కాలేయం, మూత్రపిండాలు నిరంతరం చేస్తూనే ఉంటాయి. చెమట ప్రధానంగా ఒంటివేడిని అదుపుచేయడానికే. వారంరోజుల ఉపవాసంలో తగ్గిన బరువులో నీటిభాగం ఎక్కువ. ఆ సంగతి ఇంటికి వచ్చిన తరువాత తెలుస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది ప్రమాదం. కారణం ఒక్కటే అన్న సిద్ధాంతం నుంచి మందులన్నీ అనవసరం అన్న నిర్ణయానికి దూరం తక్కువ. ఇన్సులిన్ తప్పనిసరి అయిన మధుమేహ రోగి దానిని మానితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి పండ్లరసాల్లోని పొటాషియం హానికరం కావచ్చు. క్షయరోగి మధ్యలో మందులు ఆపితే రోగం మొండిబారుతుంది, ఇంటిల్లిపాదికీ సోకే అవకాశం పెరుగుతుంది. అనారోగ్యంతో, ఆశతో విడిది గడప తొక్కే మనిషికి ఈ సంగతులు చెప్పడం అక్కడివారి తొలి బాధ్యత.

ముగింపు

ప్రకృతి చికిత్స చరిత్రలో ఒక ఆవృత్తి కనిపిస్తుంది. గ్రేఫెన్‌బర్గ్ రైతు పద్ధతి మాల్వెర్న్‌లో సంపన్నుల విడిదిగా మారింది. తెలుగు గృహస్థుని తొట్టి శతాబ్దం తరువాత మరొక విడిదిలో పాలరాతి తొట్టి అయింది. ఈ ఆవృత్తిని గుర్తించి ఎదురునడవాలని ప్రయత్నించినది ఉరుళీకాంచన్ ప్రయోగం. పూనా నుంచి పల్లెకు నడచిన ఆ ముప్పై కిలోమీటర్లు ఈ చరిత్రలో అరుదైన వ్యతిరేకదిశా ప్రయాణం.

ఈ చికిత్సలో మొదటినుంచి రెండు అంశాలు కలిసి ఉన్నాయి. ఒకటి, తన ఆరోగ్యం తన అలవాట్లలో ఉందన్న స్వావలంబన. రెండు, రోగమంతా ఒక్కటే, దానికి మందు అక్కరలేదన్న ఏకకారణవాదం. మొదటిది ఖర్చులేనిది కనుక అమ్మకానికి పనికిరాదు. రెండోది మహిమగా చెప్పదగినది కనుక సులభంగా అమ్ముడవుతుంది. ఖరీదైన విడిది సంస్కృతి విలువైనదాన్ని వదలి, విడువవలసినదాన్ని నిలుపుకొన్నదని చెప్పడానికి ఈ చరిత్ర ఆధారమిస్తోంది. శిక్షణ పొందిన వైద్యులు, కళాశాలలు ఈ క్రమాన్ని తిప్పగలిగిన స్థితిలో ఉన్నారు. సిద్ధాంతాన్ని పరీక్షకు నిలిపి, దినచర్యను మాత్రం పాఠంగా రోగి ఇంటికి పంపితే, 1894లో ఒక తెలుగు అనువాదకుడు గృహస్థుని చేతిలో పెట్టిన పుస్తకం ఉద్దేశం నెరవేరుతుంది.